మెడ ఎత్తి చూసే ఎముక

మేడం పోయిన మూడో రోజు పొద్దున ఆమె తమ్ముడు నాకు ఫోన్ చేశారు. మూసాపేటలో ఉంటారాయన. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ లేకుండా మాట్లాడటం తెలియని మనిషి. అస్థి సంచయనానికి శ్మశానానికి వెళ్లారట. బూడిద మీద నీళ్లూ పాలూ చల్లి, ఎముకలు ఏరి మట్టికుండలో వేస్తుంటే రెండు లోహపు కడ్డీలు బయటపడ్డాయట.

"ఏమీ అనుకోకండి. ఇవి అక్కయ్య తొడల్లో వేసినవే కదండీ. వీటిని అస్థికలతో కలపకూడదంటున్నారు పంతులుగారు. పోనీ ఇక్కడే వదిలేద్దామంటే చేతులు రావటం లేదండీ. మీరైతే చెప్పగలరని చేశాను."

"వదిలెయ్యకుండ్రి సార్. నేనొస్తున్న," అన్నాను.

నేను వెళ్లేసరికి ఆయన వాటిని తడి తువ్వాలులో చుట్టి పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నారు. మంటకు రంగు మారిపోయాయి. అయినా చూడగానే గుర్తుపట్టాను. తుంటి ఆపరేషన్‌లో వేసే రాడ్లు సాధారణంగా అంత సన్నగా ఉండవు. ఇవి చివర్న నా చిటికెన వేలంత కూడా లేవు. ఆ సన్నం కోసం మా ఆఫీసులో ఎంత మథనపడ్డామో ఆయనకు తెలియదు. "మీ దగ్గర ఉంచుకుంటారా అండీ," అన్నారు కాస్త మొహమాటంగా. తువ్వాలుతో సహా తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. బండి మీద ఆఫీసుకు వస్తూ ఉంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేడమే ఉండి ఉంటే ఈ వ్యవహారానికి అందరికన్నా ముందు నవ్వేది.

మా ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో ఉంది. కింది అంతస్తుల వాళ్లంతా బ్యాంకులకూ బీమా కంపెనీలకూ సాఫ్ట్‌వేర్ రాస్తారు. మేం ఎముకలు చేస్తాం. ఎక్కడో ఒక ఊళ్లో డాక్టరు తన పేషెంటు స్కాన్ పంపిస్తాడు. మేం దాన్ని కంప్యూటర్లో ఎముకగా మలిచి, ప్లాస్టిక్‌లో అచ్చు తీసి పంపుతాం. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఆ అచ్చును చేత్తో తిప్పి చూసుకుంటాడు. ఎక్కడ కోయాలో, ఎంత రాడ్ పడుతుందో గుర్తులు పెట్టుకుంటాడు. మా పాంట్రీ చూసే యాదమ్మను లిఫ్టులో ఎవరైనా ఏ కంపెనీ అని అడిగితే "బొక్కల కంపిని" అంటుంది. అంతకన్నా బాగా మా హెచ్ఆర్ వాళ్లు కూడా చెప్పలేరు.

మేం చేసిన ఎముకను బయటికి పంపే ముందు చివరగా చూసి సరే అనాల్సింది మేడమే. ఆమె తెరను నమ్మేది కాదు. అచ్చు తీయించి, బల్ల మీద పెట్టి, బల్ల అంచుకు కళ్లు ఆనించి చూసేది. మామూలు తొడ ఎముకను వెల్లకిలా పెడితే మోకాలి దగ్గరి రెండు గుబ్బలూ బల్లకు ఆనుకుంటాయి. అటు చివర, తుంటి గిన్నెలో తిరిగే గుండ్రటి తల కొద్దిగా పైకి లేచి ఉంటుంది, దిండు వేసుకుని పడుకున్నట్టు. ఆ లేవడం ఎంతో చూసేందుకు మేమంతా నడుం వంచాలి. ఆమె పొట్టి మనిషి. "నాకు వంగే పని లేదు. దేవుడు నన్ను బల్ల ఎత్తుకే చేశాడు," అనేది.

చూసిన ప్రతి ఎముకకూ ఆమె ఒక స్వభావం అంటగట్టేది. ఇతను బద్ధకస్తుడు. ఈవిడ ఎవరి మీదో అలిగింది. ఈ పెద్దాయన సైకిలు బాగా తొక్కాడు. నిజమో కాదో ఎవరికి తెలుసు, కానీ ఆమె అలా అన్నాక ఆ ఎముకను గుర్తుపెట్టుకోవడం మాకు తేలికయ్యేది. ఒక్క మాట మాత్రం ఆమె ముందు అనకూడదు. వంకర అంటే ఒప్పుకునేది కాదు. "వంకర కాదు నాన్నా. అలాగే ఉంది. ఉండనీ," అనేది. రోజుకు ఎన్నిసార్లు "ఉండనీ" అనేదో. టీ వద్దన్నా ఉండనీయే, ఏసీ తగ్గించాలా అన్నా ఉండనీయే, మేం సొంత తెలివితో ఎముకను నున్నగా చేయబోతే మౌస్ మీద చెయ్యేసి మరీ ఉండనీయే.

ఆమె నడక గురించి చెప్పాలి. ఆఫీసులో చెప్పులు టేబుల్ కింద వదిలేసి ఉత్త కాళ్లతో తిరిగేది. నడిచినప్పుడు నడుము వెనక్కి లోతుగా వంగి, ఒళ్లంతా ఈ పక్కకొకసారి, ఆ పక్కకొకసారి ఊగేది. దబ్, ఒక చిన్న ఆగు, మళ్లీ దబ్. ఆ అడుగుల చప్పుడు వినబడగానే పాంట్రీలో యాదమ్మ వెనక్కి తిరక్కుండానే "వస్తున్న మేడం" అని చాయ్ గిన్నె ఎక్కించేది. మేమందరం పోలియో అనుకునేవాళ్లం. ఆమె కాదనేది కాదు. "అందరికీ తెలిసిన జబ్బు పేరు చెప్పుకుంటే ప్రశ్నలు తక్కువ," అని తర్వాత నాతో అంది.

నేను చేరిన కొత్తలో నాకొక స్కాన్ ఇచ్చారు. పేరు లేదు, వయసు లేదు, ఊరు లేదు. కుడి తొడ ఎముక చేసుకు రమ్మన్నారు. చేస్తూ ఉంటే అదంతా తప్పుల కుప్పలా కనిపించింది. తల గుండ్రంగా లేదు, వడిలిన రేగుపండులా ఉంది. మెడ పొట్టి. లోపల మూలుగ ఉండే సందు మరీ సన్నం. పైగా పక్కకు చూడాల్సిన మెడ పూర్తిగా ముందుకు తిరిగి ఉంది.

ఇక్కడ మా పనిలో ఒక చిక్కు ఉంది. తుంటి దగ్గర ఒకసారి, మోకాలి దగ్గర ఒకసారి స్కాన్ తీస్తారు. మధ్యలో మనిషి కాలు కదిపితే పై భాగం ఒకవైపు, కింది భాగం ఒకవైపు తిరిగి వస్తాయి. అప్పుడు మేం కింది భాగాన్ని తిప్పి సరిచేయాలి. ఆ విద్య నాకు అంతకు ముందురోజే నేర్పారు. నేర్చుకున్నది చూపించే అవకాశం ఇంత తొందరగా వచ్చిందని సంబరపడ్డాను. మెడ పక్కకు తిరిగేదాకా మోకాలిని తిప్పాను, సందును కూడా కాస్త వెడల్పు చేశాను. పుస్తకంలో బొమ్మలాంటి ఎముకను అచ్చు తీసి పట్టుకెళ్లాను.

మేడం దాన్ని బల్ల మీద పెట్టింది.

"చక్కగా ఉంది. ఎవరిదిది?"

"పేరు లేదు మేడం. స్కాన్ల కాలు కదిపినట్టున్నరు. నేను సెట్ చేసిన."

"కదిపారని ఎవరు చెప్పారు?"

"గంత తిరిగి ఎవరికన్న ఉంటదా మేడం."

ఆమె సొరుగులోంచి ఇంకో ప్లాస్టిక్ ఎముక తీసి నా దాని పక్కన పెట్టింది. నాది దిండు మీద బుద్ధిగా పడుకుంది. ఆమె పెట్టినది మెడ నిక్కించి, తల పైకెత్తి ఉంది, ప్రహరీ గోడ అవతల ఏం జరుగుతోందో చూసే మనిషిలాగా. తర్వాత ఆమె లేచి తలుపు దాకా నడిచింది. అక్కణ్ణుంచి తిరిగి బల్ల దాకా వచ్చింది. దబ్, ఆగు, దబ్.

"స్కాన్ తీసేటప్పుడు నేను కదల్లేదు," అంది. "ఊపిరి బిగబట్టి పడుకున్నాను. అది నాదే నాన్నా. నేనిలాగే ఉంటాను."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె మాత్రం హాయిగా నవ్వుతోంది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వుతున్నారు, ఎందుకంటే వాళ్లంతా చేరిన కొత్తలో అదే ఎముకను అచ్చం అలాగే సరిచేసి తెచ్చినవాళ్లు. మా ఆఫీసులో కొత్తవాళ్లకు మొదటి పని అదే. నేను ఆ రోజు సాయంత్రం నా సెట్టింగులన్నీ తీసేసి, మెడను తిరిగి ఎత్తించాను.

ఆ తర్వాత చెప్పింది. పుట్టినప్పుడే ఆమె రెండు తొడ ఎముకల తలలూ తుంటి గిన్నెల్లో కూర్చోలేదు. పక్క నుంచి జారి పైకి వెళ్లి, నడుము ఎముకకు ఆనుకుని అక్కడే కాపురం పెట్టాయి. పసిపిల్లప్పుడు ఎవరూ గమనించలేదు. నడక ఆలస్యమైతే కొందరికి ఆలస్యమేలే అనుకున్నారు. "అరచేతిలో పెట్టి తిప్పితేనే సున్నుండ గుండ్రంగా వస్తుంది. దాన్ని ఏ గిన్నే తిప్పలేదు, పాపం. దానికి చేతనైనట్టు పెరిగింది," అనేది, ఎవరో దూరపు బంధువుల పిల్ల గురించి చెప్పినట్టు.

ఆ ప్లాస్టిక్ ఎముకను ఒకసారి ఇంటికి తీసుకెళ్లింది, తమ్ముడు వస్తే చూపిద్దామని. ఆమె ఉండేది మియాపూర్‌లో. సాయంత్రాలు నేను ఖాజాగూడలో మా ఇంటికి పోయే ముందు ఆమెను బండి మీద మెట్రో స్టేషన్ దగ్గర దింపేవాణ్ణి. ఆ రోజు సంచి మెషీన్లోకి వెళ్లగానే సెక్యూరిటీ అతను తెర వైపు వంగాడు.

"ఏందమ్మా ఇది. బొక్కనా?"

"అవునండీ."

"ఎవలది?"

"నాదేనండీ."

అతను ఆమె కాళ్ల వైపు చూశాడు. రెండూ ఉన్నాయి. మళ్లీ తెర వైపు చూశాడు. "గట్లెట్లయితదమ్మా," అని పెద్ద సారును పిలిచాడు. పెద్ద సారుకు ఆమె ఆ ఎముకను అక్కడి టేబుల్ మీదే పెట్టి, అది మెడ ఎందుకు ఎత్తిందో మొదటి నుంచి చెప్పింది. వెనక క్యూ మెట్ల దాకా పెరిగింది. ఎవరో వెనక నుంచి జర జల్ది కానీయమన్నారు. ఆ సెక్యూరిటీ అతను తర్వాత కనబడినప్పుడల్లా "నమస్తే బొక్కల మేడం" అని సంచి తెరవకుండానే పంపేసేవాడు. ఆమెకు ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, మా తమ్ముడి పెళ్లికి వచ్చినప్పుడు మా అమ్మకు అలాగే పరిచయం చేసుకుంది.

ఆమెకు కుర్చీ అంటే పడేది కాదు. మధ్యాహ్నం పాంట్రీలో ఒక దుప్పటి పరిచి, యాదమ్మతో కలిసి బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఆమె ఎముకలకు అదే సుఖం. "కింద కూర్చుంటే అందరం ఒకటే ఎత్తు," అనేది. మెల్లగా మేమూ కింద చేరాం. యాదమ్మ పచ్చిపులుసు తెస్తే ఇద్దరికీ వాదన మొదలు.

"మరిగించని చారును చారంటారా యాదమ్మా?"

"మరిగిస్తే అది పచ్చిపులుసెట్లయితది మేడం. నువ్వు తాగు ముందు."

తాగేది. గిన్నె ఖాళీ అయ్యాక కూడా మరిగించి ఉంటే బాగుండేదనేది.

ఆమె తనంతట తాను నేల మీంచి లేవలేకపోవడం మొదట కనిపెట్టింది యాదమ్మే. అంతకు ముందు చేతులు నేలకు ఆనించి ఒక్క ఊపులో లేచేది. ఇప్పుడు ఫ్రిజ్ పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని లేస్తోంది. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు మధ్యలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నానని నాతో ఒకసారి తనే చెప్పింది. తుంటి గిన్నె కాని చోట ఇన్నేళ్లు రాసుకుని రాసుకుని ఎముక అరిగిపోయింది. నొప్పి రాత్రుళ్లు కూడా వదలటం లేదు.

"దవాఖానకు పోరాదా మేడం. గింత నొప్పి పెట్టుకొని ఎందుకు తిరుగుతవు," అంది యాదమ్మ.

"చిన్నప్పుడే డాక్టర్లు నాన్నగారితో చెప్పారు యాదమ్మా. ఈ ఎముకలో ఏ రాడ్డూ పట్టదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు."

"అది అప్పటి ముచ్చట. ఇప్పుడడుగు."

అడిగింది. ఇప్పటి డాక్టరు అప్పటి మాటను సగం ఒప్పుకున్నాడు, సగం ఒప్పుకోలేదు. పైకి జారిన ఎముకను కిందికి దించి, అసలు గిన్నె ఉండాల్సిన చోటే పెట్టాలి. ఒక్కసారిగా అంత కిందికి లాగితే కాలికి వెళ్లే నరం సాగి పాదం పడిపోవచ్చు కాబట్టి, తొడ ఎముకలోంచి ఒక ముక్క కోసి పొట్టి చేయాలి. తర్వాత అరిగిన తల తీసేసి, కృత్రిమ తలను మోసే రాడ్‌ను లోపలి సందులోకి దించాలి. ఇప్పుడు చాలా సన్నటి రాడ్లు వస్తున్నాయి. అన్నిటికన్నా సన్నది ఆ సందులో పడితే నొప్పి పోతుంది. పడకపోతే బలవంతంగా దించినప్పుడు ఎముక నిలువునా చీలుతుంది. సందు ఎంతో కచ్చితంగా తెలిస్తే తప్ప చేయనన్నాడు. కొత్త స్కాన్ తీసి, అచ్చు చేయించుకు రమ్మన్నాడు.

అంటే మా దగ్గరికే వచ్చింది.

"నేను చూడను," అంది మేడం, స్కాన్ నా చేతికిస్తూ. "నా ఎముక నేనే చూసుకుంటే పెళ్లిచూపుల ఫొటోలా తయారవుతుంది. నువ్వు చెయ్."

నా పనిలో అంత భయపడింది ఎప్పుడూ లేదు. తెర మీద ఎముక ఎక్కడ అయిపోయి మూలుగ ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు ఉండదు. మధ్యలో బూడిదరంగు మసక ఉంటుంది. హద్దు ఎక్కడ పెట్టాలన్నది చేసేవాడి కంటికే వదిలేస్తారు. పక్కనున్న ప్రతివాడూ వచ్చి చూశాడు. ప్రతివాడికీ ఆ సందు ఇంకాస్త వెడల్పుంటే బాగుండనే ఉంది. "జర ఇటు జరిపితే డాక్టర్ ఓకే అంటడు గదా," అన్నాడొకడు. అన్నది ప్రేమతోనే. నాకూ చెయ్యి అటే లాగింది. ఆ హద్దు కాస్త బయటికి జరిపితే ఆమెకు ఆపరేషన్ అవుతుంది. జరపకపోతే జీవితాంతం ఫ్రిజ్ పట్టుకుని లేవాలేమో. కానీ జరిపితే ఆ వెడల్పు నా తెర మీదే ఉంటుంది, ఆమె తొడలో ఉండదు. ఎముక ఎక్కడుందో అక్కడే హద్దు పెట్టి అచ్చు తీశాను. 

మర్నాడు ఆమె దాన్ని బల్ల మీద పెట్టి ఒక్కసారి చూసింది. "మెడ ఎత్తింది. నాదే," అంది. సందు లోపలికి మాత్రం చూడలేదు. "అది నాకు చెప్పకు. డాక్టరుకే పంపు," అని చెప్పులు వేసుకుని కిందికి వెళ్లిపోయింది. పని మధ్యలో ఆమె చెప్పులు వేసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

డాక్టరు నుంచి జవాబు రావడానికి ఒక వారం పట్టింది. అన్నిటికన్నా సన్న రాడ్ అంచులు తగిలేట్టు పడుతుంది, చేద్దాం అన్నాడు. ఇంకాస్త పెద్దది వేయబోతే చీలేదట. యాదమ్మ ఆ రోజు అందరికీ అడగకుండానే చాయ్ పోసింది.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది. కాలి గురించో మత్తుమందు గురించో అనుకున్నాను. కాదు.

"అయిపోయాక నేను అందరిలాగే నడుస్తానట," అంది. "మరి కొత్తగా వచ్చే పిల్లలకు ఎవరు నడిచి చూపిస్తారు? నాది ఉండగానే నువ్వు నేర్చుకో."

నేను బిత్తరపోయాను. "నాకు సిగ్గయితుంది మేడం. మీ నడక నేను నడుసుడేంది."

"వెక్కిరించేవాడు సిగ్గుపడాలి. నువ్వు నేర్చుకుంటున్నావు," అంది. తర్వాత నవ్వింది. "మా వీధిలో పిల్లలందరూ నా వెనకాల నాలాగే నడిచేవారు. బడికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు, ఊరేగింపులాగ. ఏడుపొచ్చేది. కానీ ఒకటి చెప్పనా? వాళ్లలో ఒక్కడికీ సరిగ్గా రాలేదు. అందరూ కుంటేవారు. నేను కుంటను."

తేడా ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె వరండాలో నన్ను నిలబెట్టి చెప్పింది. కాల్లో ముల్లు దిగినవాడు ఆ కాలి మీంచి తొందరగా తప్పుకుంటాడు. అది కుంటడం. ఆమె తప్పుకోదు. ఏ కాలు నేల మీదుంటే ఒళ్లంతా దాని మీదికే వాలుస్తుంది, లేకపోతే అవతలి పక్కకు పడిపోతుంది. "కాలు పడనీ. ఆ తర్వాతే వాలు. నీ భుజం ముందే పరిగెడుతోంది," అని వెనకే నడుస్తూ దిద్దేది. బూట్లు విప్పించింది. పాంట్రీ గుమ్మంలో నిలబడి యాదమ్మ "మంచిగున్న సారుకు ఏదో పట్టింది" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపరేషన్‌కు సెలవు పెట్టిన రోజు దాకా రోజూ సాయంత్రం ఇదే పాఠం. ఆఖరి రోజు కూడా ఆమె అన్నది ఒకటే మాట. "రాలేదు."

ముందు కుడికాలు చేశారు, అది కుదురుకున్నాక ఎడమది. మధ్యలో కొన్నాళ్లు ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. ఎడమ చెప్పుకు మందమైన అడుగు వేయించుకుని వచ్చి, "ఇప్పుడు నిజంగా కుంటుతున్నాను చూడు," అని ఏదో ఘనకార్యంలా చూపించింది. రెండోది కూడా అయ్యాక ఒకరోజు ఆఫీసుకు వస్తే వేసుకున్న పాంటు చీలమండల పైకి ఉంది. ఎముకలు అసలు చోటికి దిగేసరికి మనిషి ఎత్తు పెరిగింది. "ఈ వయసులో పొడుగయ్యాను. దర్జీ నమ్మటం లేదు," అంది. నొప్పి పోయింది. మొహంలో నొప్పి ఎంత భాగముండేదో అది పోయాకే మాకు తెలిసింది.

పోగొట్టుకున్నదీ ఉంది. కింద కూర్చోకూడదన్నారు. మధ్యాహ్నం మేం దుప్పటి మీద, ఆమె ఒక్కతే కుర్చీలో. అంత ఎత్తు నుంచి "నీ నడినెత్తి పల్చబడింది, చూసుకున్నావా," లాంటి కబుర్లు చెప్పేది. కానీ పచ్చిపులుసు వాదన మునుపటంత ఊపుగా సాగేది కాదు. యాదమ్మకు ఇంకో ఇబ్బంది వచ్చింది. ఆ చప్పుడు లేదు. మేడం వెనక వచ్చి నిలబడితే గానీ తెలియక చాయ్ ఆలస్యమయ్యేది. "నువ్వొచ్చుడు తెలుస్తలేదు మేడం. పిల్లిలెక్క వస్తున్నవు," అని నిష్టూరమాడేది. మేడం ఆ మాటకు మురిసిపోయేది, కాసేపటికి తన పాదాల వైపు చూసుకునేది. ఒకరోజు అడిగితే, "అది లేకపోతే నేను గదిలోకి వచ్చినట్టు నాకే అనిపించటం లేదు," అంది.

కొత్తవాళ్లు వచ్చేవారు. ఎముకను సరిచేసి తెచ్చేవారు. ఆమె అసలు ఎముకను సొరుగులోంచి తీసి పక్కన పెట్టి, నా వైపు చూసేది. నేను బూట్లు విప్పి, తలుపు దాకా నడిచి, తిరిగి వచ్చేవాణ్ణి. కొత్తవాళ్లు కళ్లప్పగించి చూసేవారు. వాళ్లు వెళ్లాక ఆమె తీర్పు చెప్పేది. "రాలేదు. కుడివైపు ఇంకా తొందరపడుతున్నావు." ఒక్కసారీ వచ్చింది అనలేదు. నేను అలిగితే, "అంత తేలికగా వస్తే నేను ఇన్నేళ్లు నడిచింది ఏమిటి," అనేది.

నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. కాళ్ల తప్పు ఏమీ లేదు. ముందు రోజు సాయంత్రం కూడా అమీర్‌పేటలో ఆగకుండా మెట్లు దిగిందట. నాకు ఆమెను చూసినప్పుడల్లా కలిగిన సంతోషం ఎంతో, ఇప్పుడు ఆమె కుర్చీ చూస్తే అంత దిగులుగా ఉంది. ఆ మాట ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు. రెండు కడ్డీలను తువ్వాలుతో సహా ఆమె సొరుగులోనే పెట్టాను, ప్లాస్టిక్ ఎముక పక్కన.

నిన్న కొత్తగా చేరిన అమ్మాయి తన మొదటి ఎముక పట్టుకొచ్చింది. చక్కగా ఉంది. దిండు మీద బుద్ధిగా పడుకుని ఉంది.

"స్కాన్‌లో పేషెంట్ కాలు కదిపినట్టున్నారు సార్. నేను తిప్పి సెట్ చేశాను," అంది.

"కదిపిన్రని ఎవలు చెప్పిన్రు?"

"అంత తిరిగి ఎవరికైనా ఉంటుందా సార్?"

సొరుగు తెరిచాను. తువ్వాలు జరిపి, ఎముకను తీసి, ఆ అమ్మాయి దాని పక్కన పెట్టాను. అది మెడ ఎత్తింది. ఆ అమ్మాయి రెండింటినీ మార్చి మార్చి చూస్తోంది. నేను బూట్లు విప్పాను. తీర్పు చెప్పే మనిషి లేదు కదా, ఎలా నడిస్తే ఏంటి అనిపించింది ఒక్క క్షణం. తర్వాత మేడం నా వెనకే ఉన్నట్టు అడుగు వేశాను. కాలు పడనిచ్చాను. ఆ తర్వాతే వాలాను. తలుపు దాకా వెళ్లాను. తలుపు పక్కనే పాంట్రీ. యాదమ్మ సింకు దగ్గర మాకు వీపు పెట్టి కప్పులు కడుగుతోంది.

"వస్తున్న మేడం," అంది యాదమ్మ, వెనక్కి తిరక్కుండానే.

చెయ్యి చాయ్ గిన్నె మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. నల్లా పోతూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు, కొంగుతో ముఖం ఒత్తుకుంది. నేనూ పిలవలేదు. కాలు పడనిచ్చి, ఆ తర్వాతే వాలుతూ, నడక మార్చకుండా బల్ల దాకా వచ్చాను.